కూర్చుని చూడందే టీవీ అమ్మని బావ

ఆ షాపులో టీవీ కొనాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. ముందు బావ మీ ఇంటికొచ్చి కూర్చోవాలి. మీరు ఏ సోఫాలో చేరగిలబడి చూస్తారో అందులో, మీ ఆవిడ ఏ కుర్చీలో చూస్తుందో అందులో, మీ పిల్లలు నేలమీద బోర్లా పడుకుని చూస్తారంటే తనూ అలాగే పడుకుని, ఆయన చూసి తీరాలి. అంతవరకూ మీరు కాళ్ళావేళ్ళా పడ్డా టీవీ షాపు గడప దాటదు.

ఆయన షాపు ఓనరుకి అక్క మొగుడు. ఓనరు "బావా, బావా" అని కేకలేయగా విని విని పనివాళ్ళకీ, కస్టమర్లకీ, చివరికి కంపెనీ ఏజెంటుకీ కూడా ఆయన బావే అయి కూర్చున్నాడు. అక్క మొగుడు కాకపోయుంటే ఎప్పుడో సాగనంపేవాణ్ణని ఓనరు రోజుకోసారి గొణుక్కుంటాడు. బావకి వినపడేలాగే గొణుక్కుంటాడు.

గొణుక్కోడూ మరి? కొత్తగా కాపురం పెట్టిన ఓ జంట అరవై అయిదు అంగుళాల టీవీ కావాలని వచ్చింది. ఓనరు బిల్లు పుస్తకం తీసేలోపు బావ చెప్పులేసుకున్నాడు.

"గది ఎంతుంటుందమ్మా?"

"మామూలుగానే ఉంటుందండీ."

"మామూలంటే ఎన్ని అడుగులు?"

బావ వెళ్ళి చూస్తే సోఫాకీ గోడకీ మధ్య అయిదంటే అయిదడుగులు. సోఫాలో కూర్చుని తల ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పాడు. "ఇంత దగ్గర నుంచి అంత టీవీ చూస్తే హీరో అక్కడ, హీరోయిన్ ఇక్కడ. వాళ్ళిద్దరికీ పెళ్ళయ్యేసరికి మీ ఇద్దరికీ మెడలు పట్టేస్తాయి. నలభై మూడు చాలు" అని తేల్చేశాడు.

ప్లీడరుగారి సంగతి మరీ అన్యాయం. ఆయన దివాను మీద పడుకుని వార్తలు చూస్తాడు. టీవీ ఎంత ఎత్తున బిగించాలో తెలియాలంటే పడుకుని చూడాలి కదా అని బావ నడుం వాల్చాడు. వాల్చినవాడు రెండు గంటలు గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి, ఏ మాత్రం సిగ్గుపడకుండా, "ఈ దివాను మీద ఎవరూ టీవీ చూడలేరు సార్. మీకు రేడియో చాలు" అన్నాడు. ఆ షాపులో రేడియోలు అమ్మరు.

ఇంతలో అసలు గొడవ వచ్చిపడింది. ఎనభై అయిదు అంగుళాల టీవీ ఒకటి ఎనిమిది నెలలుగా షాపులో సగం గోడ ఆక్రమించుకుని ఉంది. జనం వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగిపోయేవారే కానీ కొన్నవాడు లేడు. అలాంటిది ఓ కాంట్రాక్టరు వచ్చి, ధర అయినా అడక్కుండా, "ఇది మా ఇంటికి పంపించండి" అన్నాడు. ఓనరు కళ్ళు చెమర్చాయి. వెంటనే బావని పక్కకి లాక్కుపోయాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క ఇంటికీ వెళ్ళకు."

"చూడకుండా ఎలా అమ్ముతావు?"

"అమ్మేశాను. నువ్వు చూస్తే పోతుంది. ఈ బేరం గానీ చెడిపోయిందో, రేపణ్ణుంచి నువ్వు షాపుకి రానక్కర్లేదు. అక్క ఏమనుకున్నా సరే."

బావ ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ షాపు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. అయినా, "సరే. చూసే వస్తాను" అంటూ చెప్పులేసుకున్నాడు. ఆయన నోరు కట్టేయడానికి ఓనరు కూడా వెంటపడ్డాడు.

కాంట్రాక్టరు హాలు మైదానంలా ఉంది. బావ సోఫాలో కూర్చున్నాడు, బాగుంది. ఊగే కుర్చీలో కూర్చున్నాడు, బాగుంది. తివాచీ మీద పడుకున్నాడు, ఇంకా బాగుంది. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకెవరైనా చూస్తారా?" అన్నాడు బావ.

"ఇంకెవరూ లేరండీ" అన్నాడు కాంట్రాక్టరు.

"మరి ఆ చెక్క కుర్చీ ఎవరిది?"

తలుపు పక్క మూలలో ఎత్తైన పాత కుర్చీ ఒకటి ఉంది. కాంట్రాక్టరు తల్లిది. మోకాళ్ళ నొప్పి వల్ల సోఫాలో కూర్చుంటే లేవలేదని అక్కడ వేశారు. బావ అందులో కూర్చుని, ఉన్న పాత టీవీ పెట్టించాడు. పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయాయి, టీవీకి ఎదురుగా ఉన్న కిటికీ వెలుగు తెర మీద పడి మనుషులు మాయమయ్యారు.

"అమ్మగారూ, మీకు ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది?"

"నాకెందుకులే నాయనా, మాటలు వినపడతాయిగా" అంది అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఆవిడ.

కాంట్రాక్టరు తనూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచి, "ఏం చేయమంటారు?" అని బావని అడిగాడు.

"టీవీ అమ్మగారి కుర్చీకి ఎదురు గోడకి మార్చండి. రెండు తలుపుల మధ్య గోడ కదా, యాభై అయిదే పడుతుంది. పక్క నుంచి కూడా రంగు మారనిది ఇస్తాను. అందరికీ కనిపిస్తుంది."

ఎనభై అయిదు అలా షాపులోనే ఉండిపోయింది. బావ తనే షాపు తాళాలు బావమరిది చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఓనరు ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. భార్య భోజనాల బల్ల చివర కూర్చుని, ఓ కన్ను పొయ్యి మీద ఉంచి, చిక్కుడుకాయలు వలుస్తోంది. అంతా విని, "పోనీలెండి, ఆ పెద్దావిడ గురించి అన్నయ్యగారైనా అడిగారు" అంది.

ఆ "అయినా" ఓనరుకి ఎక్కడో గుచ్చుకుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. అక్కణ్ణుంచి ఆ ఏడ్చేవాళ్ళ చెవి ఒక్కటే కనిపిస్తోంది, మిగతాదంతా బీరువా అడ్డం.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా చూస్తున్నావు?"

"చూడ్డమెక్కడ, వింటున్నా. తొమ్మిదేళ్ళయింది."

"నాకు చెప్పొచ్చుగా?"

"టీవీ షాపాయనకి నేను చెప్పాలా?"

ఓనరుకి ఆ పూట అన్నం సహించలేదు. తెల్లవారగానే తాళాలు పట్టుకుని బావ ఇంటికెళ్ళాడు.

"పద బావా, ఓ ఇంటికెళ్ళి కూర్చోవాలి."

"ఎవరింటికి?"

"మా ఇంటికే. మీ చెల్లెలు బల్ల దగ్గర..."

"బీరువా అడ్డం" అన్నాడు బావ. "మీ పాప పుట్టినరోజుకి వచ్చినప్పుడే కూర్చుని చూశాను."

"అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా. అడగని ఇంట్లో సలహాలివ్వడం నాకలవాటు లేదు."

ఓనరు తలొంచుకున్నాడు. "సరే, తప్పయింది. చెప్పు, ఎంత పెద్దది పెట్టమంటావు? ఆ ఎనభై అయిదు మన ఇంటికే పట్టుకుపోదామా?"

బావ తాళాలు అందుకుని చెప్పులేసుకున్నాడు.

"టీవీ ఎందుకు, బావమరిదీ? ఆ చివర నువ్వు పట్టుకో, ఈ చివర నేను పట్టుకుంటాను. బీరువా జరుపుదాం."