కొండ మీద మోగిన ఫోను

2023 కార్తీకమాసం. ఏలూరు నుంచి మూడు రోజుల ట్రిప్పు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ, ద్వారకా తిరుమల, గుంటుపల్లి గుహలు, బుట్టాయగూడెం దాటాక కొండ మీద ఒక రాత్రి క్యాంపింగ్, ఆ మర్నాడు అడవిలో మంగమ్మ తల్లి దర్శనం. గుళ్ళు పెద్దవాళ్ళకి, గుడారాలు పిల్లలకి. రెండింటినీ ఒకే టికెట్లో కలపాలన్న ఆలోచన నాదే. కలిపాక తెలిసింది, పెద్దవాళ్ళు గుడారాల్లోనూ పిల్లలు గుళ్ళల్లోనూ సణుగుతూనే ఉంటారని.

ట్రిప్ మేనేజరంటే పెద్ద ఉద్యోగమనుకునేరు. నిద్ర లేపడం, ఎక్కించడం, దింపడం, తప్పిపోయిన వాళ్ళని వెతకడం, అందరూ దర్శనానికి వెళ్తే బయట చెప్పులకీ సంచులకీ కాపలా కాయడం. ఇన్నేళ్ళుగా గుళ్ళన్నీ తిరిగాను గానీ సగం గుళ్ళల్లో నేను దర్శించుకున్నది చెప్పుల గుట్టనే. గ్రూపు ఫోటో తీసేది నేను కాబట్టి ఏ ఫోటోలోనూ ఉండను. ట్రిప్పు ముగిశాక ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి "ఇంటికి చేరారా అండీ?" అని అడుగుతాను. అందరూ చేరారని తెలిశాకే నేను మా ఇంటి తాళం తీస్తాను. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. పెళ్ళయిన మూడేళ్ళకే ఆయన దారి ఆయనది, నా దారి నాది అయింది. అమ్మ ఉన్నంతకాలం ఇంట్లో దీపం వెలుగుతూ ఉండేది.

రంగనాయకులు గారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి. అరవై దాటిన మనిషి. ఒక్క సీటు కావాలని ఫోన్ చేశారు. మా లైన్లో ఒక్క సీటు అడిగేవాళ్ళంటే కొంచెం తలనొప్పి. గదులూ గుడారాలూ అన్నీ ట్విన్ షేరింగ్, అంటే ఇద్దరికి ఒకటి లెక్కన సర్దుతాం. ఒంటరి మనిషిని ఎవరి పక్కన వేయాలి?

"మీకు విడిగా ఒక టెంటు ఇచ్చేస్తానండీ, హాయిగా ఉంటుంది" అన్నాను.

"ఎవరైనా ఉన్నా ఫర్వాలేదమ్మా. గురక పెట్టేవాళ్ళయినా సరే" అన్నారాయన.

గురక కోరుకునే కస్టమరు తగలడం అదే మొదటిసారి. నవ్వుకుని, ఎమర్జెన్సీ కాంటాక్ట్ అడిగాను. ఏదైనా అయితే ఇంట్లో ఎవరికి చెప్పాలో ఆ నంబరన్నమాట. కాస్త ఆగి ఒక నంబరు చెప్పారు. ఫోన్లో ఎక్కించుకున్నాను.

మొదటి రోజు కొల్లేటికోట. దారి పొడవునా చెరువుల గట్లు, నీళ్ళ మీద పక్షుల గుంపులు. కొల్లేటికి వచ్చి చేప ముక్క ముట్టకుండా వెళ్ళేది కార్తీకంలోనేనని మా డ్రైవరు సత్తిబాబు దారంతా నిట్టూరుస్తూనే ఉన్నాడు. పెద్దింట్లమ్మ గుళ్ళో పూజారి గోత్రనామాలు అడిగారు. రంగనాయకులు గారు మొదలుపెట్టారు. ముగ్గురు తమ్ముళ్ళు, ముగ్గురు మరదళ్ళు, వాళ్ళ పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు, చివరికి పోయిన నెలలో పుట్టిన పసిగుడ్డుతో సహా. వెనకాల క్యూ ఆగిపోయింది.

"ఏవండీ, ఓటర్ల లిస్టు చదువుతున్నారా?" అని కైకలూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వేళాకోళమాడింది. ఆయన కూడా నవ్వారు. ద్వారకా తిరుమలలోనూ అదే వరస. ఈయనది ఎంత పెద్ద సంసారం, అదృష్టవంతుడు అనుకున్నాను. కొంచెం అసూయ కూడా కలిగింది, నిజం చెప్పొద్దూ.

ఆ రాత్రి సత్రంలో పడుకుని, మర్నాడు సోమవారం గుంటుపల్లి మెట్లెక్కాం. రంగనాయకులు గారు పొద్దున ఇడ్లీ ముట్టలేదు. మధ్యాహ్నం పులిహోర పొట్లం ఇస్తే కళ్ళకద్దుకుని సత్తిబాబుకి ఇచ్చేశారు. కార్తీక సోమవారం ఉపవాసం కాబోలనుకున్నాను. బస్సులో సగం మంది అలాంటివాళ్ళే. చుక్క చూశాక తింటారని వాళ్ళ కోసం సాయంత్రం వంట ముందే మొదలుపెట్టమని చెప్పి ఉంచాను.

మా క్యాంప్ సైటు కొండ వాలు మీద ఒక జీడిమామిడి తోట. బస్సు కింద ఆగిపోతుంది, చివరి ఎత్తు నడిచే ఎక్కాలి. ఇంకా వెలుతురుంది. అందరూ జంటలుగా, గుంపులుగా ఎక్కుతున్నారు. ఆయన ఆఖర్న ఒక్కరే వస్తున్నారు. చూస్తుండగానే దారి పక్క బండ మీద కూలబడ్డారు. పరిగెత్తుకెళ్ళాను. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి.

"పెద్ద తమ్ముడు కొట్టు మూసేశాడా?" అన్నారు నన్ను చూసి.

ఇది లో షుగర్. రక్తంలో చక్కెర పడిపోతే మనిషి ఇలాగే చెమటలు పట్టి, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది.

"షుగరుందా అండీ మీకు? మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా, పొద్దున్నే. ఉపవాసం తిండికి గానీ మందుకి కాదు కదా."

మా ప్రాంతపు భక్తిపరుల్ని ఎందరినో చూశాను. వ్రతమూ చెడకూడదు, డాక్టరు మాటా పోకూడదు అన్న ఈ లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. సత్తిబాబుని కేకేసి ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి గ్లూకోజు తెప్పించి, నీళ్ళలో కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆయన పెదాలు బిగించేశారు.

"చుక్క కనపడలేదమ్మా."

"కనపడుతుంది లెండి, ముందు తాగండి."

"చూడందే ఎలా తాగుతాను? ముప్పయ్యేళ్ళ నోము."

ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. మనిషి కళ్ళు మూతలు పడుతున్నాయి. చుట్టూ చూశాను. దూరాన కొండ కొమ్మున సెల్ టవరు, దాని నెత్తిన ఎర్ర లైటు.

"అదిగో చుక్క!" అన్నాను.

ఆయన కష్టపడి తల తిప్పారు. "ఎర్రగా ఉందేంటమ్మా?"

"కుజుడండీ."

"ఆయ్, కుజుడేనండీ. ఈ కొండల్లో ముందు ఆయనే వత్తాడు" అని సత్తిబాబు వంత పాడాడు.

రంగనాయకులు గారు ఆ లైటుకి చేతులు జోడించి, గ్లాసు అందుకున్నారు. గుక్క గుక్కగా తాగారు. ఆయన్ని సత్తిబాబుకి అప్పగించి లేచి నిలబడ్డాను. ఇంటివాళ్ళకి చెప్పాలి. అంత సంసారంలో ఒక్కరు బయల్దేరినా రాత్రికి వచ్చేస్తారు. ఎమర్జెన్సీ నంబరు నొక్కాను.

ఫోను నా కాళ్ళ దగ్గరే మోగింది.

వంగి చూశాను. ఆయన చేతిసంచిలో, తువ్వాలు కింద ఒక పాత చిన్న ఫోను. తెర మీద నా నంబరు. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. కట్ చేసేదాకా అది మోగుతూనే ఉంది.

"నా రెండో నంబరమ్మా" అన్నారాయన, తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకుని.

"ఇంతమంది ఉన్నారు కదండీ! గుళ్ళో పేర్లన్నీ చెప్పారు."

కొంచెం తేరుకున్నాక చెప్పారు. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముళ్ళని పైకి తెచ్చే ధ్యాసలో ఆయన పెళ్ళి చేసుకోలేదట. నిరుటి దాకా అందరిదీ ఒకే వంట, ఒకే పంక్తి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇల్లు చాలలేదు, విడిపోయారు. తగాదా ఏమీ లేదు.

"ప్రతి ఇంట్లోనూ నాకో మంచం వేశారమ్మా. అబద్ధం చెప్పకూడదు. అయితే వీడింట్లో ఉన్నాననుకుని వాడు, వాడింట్లో ఉన్నాననుకుని వీడు. నేను కొట్టు మేడ మీద ఉంటాను. మీరు నంబరడిగినప్పుడు ఎవరిది చెబితే ఎవరు నొచ్చుకుంటారోననిపించింది. తర్వాత, అసలు ఎవరైనా నొచ్చుకుంటారా అనిపించింది."

సత్తిబాబు అన్నం కలిపి తెచ్చాడు. ఆయన తింటుండగా కొండ మీద నిజం చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిని చూసి, టవరు వైపు చెయ్యెత్తి ఆయన అన్నారు:

"అది లైటని తెలుసమ్మా. మా కొట్టు ఎదురుగా అలాంటిదే ఉంది. రోజూ చూస్తాను."

"మరెందుకు తాగారండీ?"

"నన్నొకరు గట్టిగా తినమని ఏడాది దాటిందమ్మా."

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆ రాత్రి ఆయన్ని విడి గుడారంలో పడుకోనివ్వలేదు. సత్తిబాబుని పక్కన వేశాను. గురక గ్యారంటీ. పొద్దున అడిగితే చాలా రోజులకి బాగా నిద్రపట్టిందన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన నా సీటు దగ్గరికి వచ్చి, "ఆ నంబరు తీసేసి మీది వేసుకుంటే తప్పా అమ్మా?" అని అడిగారు. మా పద్ధతి ప్రకారం తప్పే. మేనేజరు కస్టమరుకి కాంటాక్ట్ కాకూడదు. సరేనన్నాను. ఆయన కాసేపు నిలబడి, "మరి మీకేదైనా అయితే సత్తిబాబు ఎవరికి చేస్తాడు?" అన్నారు. సత్తిబాబు అద్దంలోంచి నా వైపు చూశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

"నాది వేసుకోండి. రెండో నంబరు కాదు, మొదటిదే" అన్నారాయన.

ఆ తర్వాత నా పద్ధతి మార్చాను. ఎమర్జెన్సీ నంబరు చెప్పగానే, చెప్పినవాళ్ళ ఎదుటే దానికి ఫోన్ చేస్తాను. ఎవరో ఒకరు "హలో" అంటే సరే, సీటు ఖాయం. అనకపోతే సీటు లేదనను. ఆ మనిషి పక్కన ఎవరిని వేయాలా అని అప్పుడే ఆలోచించడం మొదలుపెడతాను. ఒంటరిగా వచ్చేవాళ్ళు విడి గది అడగరని, తోడు కావాలని అడిగే ధైర్యం లేక ఇచ్చింది తీసుకుంటారని ఆయన వల్ల తెలిసింది.

ఈ మధ్య వానాకాలంలో తాడేపల్లిగూడెం నుంచి ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. రంగనాయకులు గారికి శుక్లం ఆపరేషనైంది, తోడు మనిషి ఉంటే గానీ పంపరట.

"మీరు ఆయనకి ఏమవుతారండీ?" అంది నర్సు.

"బాబాయి అవుతారండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ప్యాసింజరు రైలు పట్టుకుని వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలతో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మేడ మీదకి చేర్చి, చుక్కల మందు వేసి, అన్నం పెట్టాను. తమ్ముళ్ళకి నేనే ఫోన్లు చేశాను. ఇద్దరు అప్పటికప్పుడు వచ్చారు, మాకెందుకు చెప్పలేదని అన్నగారి మీద కేకలేశారు. ఆయన ఆ తిట్లు ఎంత ఇష్టంగా విన్నారో చెప్పలేను. నేను సాయంత్రం బండికి తిరిగొచ్చేశాను. బండి కిటకిటలాడుతోంది, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు.

ఏలూరులో దిగి మా గుమ్మం దగ్గర సంచిలో తాళంచెవి వెతుక్కుంటుంటే ఫోను మోగింది.

"ఇంటికి చేరారా అమ్మా?"

ఇన్నేళ్ళలో వేలమందిని నేను అడిగిన మాట. నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదని అప్పుడు తెలిసింది.

"తాళం తీస్తున్నాను బాబాయిగారూ."

"తీసి, లైటు వెయ్యండి. వేసేదాకా ఉంటాను" అన్నారాయన.