అవతలి గట్టున అత్తయ్య

మా చిన్నప్పుడు ఒక వేసవిలో, మా వీధరుగు మీద పడమటి కొండలన్నీ పరిచేశారు... పటంలో లెండి! మా పెదనాన్నగారికి అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారం. సరుకు పూనా, బొంబాయి దాకా వెళ్ళేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఆయన ఎవరో వాడిన కారు ఒకటి కొన్నారు. కొన్న మర్నాటి నుంచీ ఒకటే పాట... ఎండాకాలం కారులో బయల్దేరి నాసిక్, పూనా, మహాబలేశ్వరం, బొంబాయి చుట్టేసి రావాలని.

నాన్న కొట్టు చూసుకోవాలి, తాతయ్య అంత దూరం కదల్లేరు కనక ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. వెళ్ళేది పెదనాన్నగారు, మామ్మ, అమ్మ, నేను... ఇంకా మా మేనత్త సుభద్రత్తయ్య.

అత్తయ్య కాపరానికి వెళ్ళిన కొన్నాళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. తెల్లచీర, వంటిల్లు, పెరడు... అంతే ఆవిడ లోకం. ఆ వేసవిలో మాత్రం మనిషే మారిపోయింది. నా బడి పటం ముందేసుకుని పసుపంటిన వేలితో గోదావరిని వెనక్కి వెనక్కి రాసుకుంటూ పోయి నాసిక్ దగ్గర ఆపేది.

"ఇక్కడే పుట్టిందటే మన గోదారి! దాటడానికి పడవక్కర్లేదట... ఓ గెంతు గెంతితే చాలట. చూడాలే అమ్మాయ్!" అనేది. నాకు బొంబాయి మీద మోజు. ఆవిడకి ఆ గెంతు మీద.

ఇక మా పెద్దవాళ్ళ ఏర్పాట్లు చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రోడ్డెలా ఉంది, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, ఘాట్ దారిలో బ్రేకులు ఆగుతాయా... ఇవేవీ ఎవరికీ పట్టలేదు. ఎంతసేపూ వర్జ్యం, దుర్ముహూర్తం, వారశూల. శుక్రవారం, ఆదివారం పడమటికి పనికిరాదు. బయల్దేరేటప్పుడు "ఎక్కడికి?" అని నోరు జారొద్దని మామ్మ వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చింది. సున్నుండలు, జంతికలు, కందిపొడి, డబ్బాల్లోకి ఊరగాయలు... అవన్నీ చేసింది మాత్రం అత్తయ్యే.

అంతా అయ్యాక మామ్మకి అసలు అనుమానం వచ్చింది. కొత్తగా కొన్న కారు... అందులో భర్త పోయిన అత్తయ్య ఎక్కుతుండగా బయల్దేరడమా? పెదనాన్నగారు ఆలోచించి ఉపాయం కనిపెట్టారు. చాలా తెలివైన ఉపాయం!

"సుభద్రా, నువ్వు ముందురోజే బండి మీద రేవుకెళ్ళి పడవ దాటేయమ్మా. అవతల సిద్ధాంతం ఊళ్ళో మనవాళ్ళింట్లో పడుకో. పొద్దున్న గట్టు మీద నిలబడు, మేం రాగానే ఎక్కేద్దువు గాని" అన్నారు.

"ఆయ్, అలాగే అన్నయ్యా" అంది అత్తయ్య. ముఖంలో బాధ వెతికాను... లేదు. గోదావరి దాటుతున్నానన్న సంబరమే ఉంది. పెదనాన్నగారికీ పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆయన ఎదురొస్తే మాత్రం ఏ దోషమూ లేదట. ఆ లెక్క నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

అత్తయ్య వెళ్ళిన మర్నాడు ముత్తయిదువని ఎదురు రప్పించి, కొబ్బరికాయ కొట్టి, మా కారు బయల్దేరింది. గోదావరి పాయ వశిష్ట మీద అప్పటికి వంతెన లేదు. కారుని, రెండు పడవలు కలిపి బల్లలు పరిచిన పంటు మీదకెక్కించి దాటించాలి. పంటు నెమ్మదిగా అవతలి గట్టుకి చేరుతోంది...

గట్టు అంచున, సరిగ్గా మాకెదురుగా, తెల్లచీరలో అత్తయ్య. కాళ్ళ దగ్గర ట్రంకుపెట్టె, చంకలో పులిహోర గిన్నె. నన్ను చూసి చెయ్యి ఊపుతూ నవ్వుతోంది.

పెదనాన్నగారి ముఖం మాడిపోయింది. మామ్మ నెత్తి కొట్టుకుంది. "తీరా గోదారి దాటేక ఇదెదురొచ్చిందేవిట్రా!"

ఎవరు నిలబడమంటే నిలబడింది? శకునం తప్పించబోయి శకునాన్ని తామే గట్టు మీద నిలబెట్టుకున్నారు! కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్దామండీ అని అమ్మ మెల్లిగా అంది. కొండదారి, లోయలు, పిల్లతో ప్రయాణం... వల్లకాదంది మామ్మ.

"వెనక్కి తిప్పీవోయ్" అన్నారు పెదనాన్నగారు డ్రైవరుతో.

"వెనక్కా అండీ? ఇప్పుడే కదండీ వచ్చేం!" అన్నాడతను పాపం.

అత్తయ్య ఒక్క మాటే అంది. "ఇక్కడ నిలబడమంది నువ్వే కదా అన్నయ్యా..."

అసలు రోత ఇంకా చెప్పలేదు. పంటు వెనక్కి కదలడానికి ఆలస్యం ఉందని నీడన కూర్చుని, అత్తయ్య తెల్లారకుండా లేచి కలిపిన ఆ పులిహోర అందరూ తిన్నారు. మనిషి పనికిరాలేదు గానీ ఆవిడ చేతి పులిహోర పనికొచ్చింది. చేతులు కడుక్కుని, "నువ్వు తరవాత పడవకి రా, అవతలికి బండి పంపిస్తాను" అని ఆవిణ్ణి అక్కడే వదిలేసి కారెక్కారు. పంటు మీద నుంచి చూస్తే అత్తయ్య ఖాళీ గిన్నె గోదావరిలో కడుక్కుంటోంది.

ఆ తర్వాత కొండల మాట ఎవరూ ఎత్తలేదు. అత్తయ్య చాలా ఏళ్ళు బతికింది. నాసిక్ మాత్రం చూడలేదు. వీధిగుమ్మంలో ఎవరైనా చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపిస్తే చాలు, తనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఇప్పుడు వంతెనలొచ్చాయి... పొద్దున్న బయల్దేరితే రాత్రికి ఎక్కడో ఉంటాం. తప్పుకోమని మా ఇంట్లో ఎవరూ అనరు. మావారు కన్నుమూసిన ఏడాదికి మనవడు కొత్త కారు తెచ్చి, "నాయనమ్మా, ముందు నువ్వే ఎక్కు" అని తలుపు తీసి పట్టుకున్నాడు. వాడు పిలుస్తూనే ఉన్నాడు... నేను పెరట్లో ఉన్నాను. ఎప్పుడు లేచానో, ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ఛీ! ఇన్నేళ్ళు వాళ్ళని అసహ్యించుకుని నేను నేర్చుకున్నది ఇదా?

మీ ఇళ్ళలోనూ ఇలా తప్పుకున్న అత్తయ్యలు, పిన్నులు ఉండే ఉంటారు. వాళ్ళకి ఎక్కడికి వెళ్ళాలని ఉండేదో మీకు తెలుసా... తెలిస్తే రాయండి.