స్టెల్లాను చూసి కడుపు మండిన రోజులు

మా చిన్నప్పుడు... తమిళనాడు ధర్మపురిలో, మా కాన్వెంటు బడిలో, ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. అంటే... స్టెల్లా వచ్చి చేరేదాకా!

ఒకరోజు సిస్టర్ చర్చి మాటలకు అర్థాలు అడుగుతానన్నారు. గెలిచినవాళ్ళకు ఒక కొన ఎరుపు, ఇంకో కొన నీలం ఉండే పెన్సిల్. అది నాదే అనుకున్నాను. డిక్షనరీ ముందేసుకుని అన్నీ బట్టీ పట్టాను మరి!

"డీకన్?" అన్నారు సిస్టర్.

"ప్రీస్టు కంటే కింది హోదాలో ఉండే మతాధికారి" అని గడగడా అప్పజెప్పాను.

స్టెల్లా లేచింది. "ఇంకా ఫాదర్ కాలేదు సిస్టర్. బాప్తిస్మం ఇవ్వచ్చు, పూజ చెయ్యకూడదు. పోయిన ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినారు" అంది.

బిషప్ అంటే? వాళ్ళ అక్క నుదుట నూనె రాసినాయన! కేటకిస్ట్ అంటే? జపాలు నేర్పే వాళ్ళ మామ! నాకు ఒక్కో మాటకు ఒక్కో లైను... దానికేమో ఒక్కో మనిషి! పెన్సిల్ దానికే పోయింది. నా కడుపు భగ్గుమంది.

ఇంటికొచ్చి అవ్వ దగ్గర ఏడ్చాను.

"వాళ్ళ గుడి సంగతి వాళ్ళకు తెలీకుండా పోతుందామ్మే? దానికెందుకే ఈ ఏడుపు?" అంది అవ్వ, సంగటి కెలుకుతూ.

"అయితే నేనూ ఆ గుడికి పోతాను!"

"పో. ఎవురు వద్దనింది?"

క్రిస్మస్ పొద్దున పోయి, పంతానికి స్టెల్లా పక్కనే కూర్చున్నాను. ముందర దాని తమ్ముడు, పూజలో ఫాదర్ పక్కన నిలబడి సాయం చేసే ఆల్టర్ బాయ్... ఎర్ర అంగీ, పైన తెల్ల లేసు. గంట కొట్టాల్సిన చోట కొట్టకుండా నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు కొట్టాల... ఇప్పుడు!" అని గొణిగింది స్టెల్లా, అరవంలో.

"నువ్వే పోయి కొట్టరాదా?"

"ఆడపిల్లల్ని ఆడ నిలబడనియ్యరు. అంతా వచ్చేది నాకు. పిలిచేది వాణ్ణి!"

దాని కళ్ళలో నీళ్ళు... పెన్సిల్ పోయినరోజు నా మొహం అచ్చం అట్లాగే ఉండి ఉంటుంది. ఆరోజే మేమిద్దరం జట్టయ్యాం.

మొన్న స్టెల్లా ఒక ఫోటో పంపింది. దాని మనవరాలు, ఎర్ర అంగీలో, చేతిలో గంట పట్టుకుని! ఇప్పుడు వాళ్ళ చర్చిలో ఆడపిల్లలూ నిలబడుతున్నారట. "సంతోషమే... కానీ చూస్తే కుళ్ళుగా ఉందే" అంది ఫోన్లో.

కాలం ఎంత మారిపోయిందో... మా ఇద్దరి కడుపుమంట మాత్రం అక్కడే ఉంది. నాకు ఆ పెన్సిల్ మీద, దానికి ఆ గంట మీద!

మరి మీకు? ఎవర్ని చూసి, దేనికోసం కుళ్ళుకున్నారో సిగ్గుపడకుండా చెప్పండి...