మేజరుకు చదివిన ప్రకటన

మా చిన్నప్పుడు... పోలీసు చర్య అయిపోయిన కొత్తల్లో... చిలకలగూడలో మా పెద్దమ్మ అద్దెకున్న ఇంటి గేటుకు ఒక ఉదయం మేజరును ఎవరో కట్టేసి వెళ్ళిపోయారు. చెప్పలేదు, పిలవలేదు. ముడి మాత్రం గట్టిగా వేశారు. ఇచ్చిన మాటను అంత గట్టిగా పట్టుకుని ఉంటే ఈ కథే లేదు.

మేజరంటే కుక్క. తెల్లవాళ్ళ పల్టను తిరుమలగిరి ఖాళీ చేసినప్పుడు ఏ దొరో వదిలేసి పోయినది. దొరగారు పరుపు చుట్టుకున్నారు, గ్రామఫోను పెట్టెకెత్తించుకున్నారు, కుక్కను మాత్రం మరిచిపోయారు... గొప్పవాళ్ళ మతిమరుపు గొప్పగానే ఉంటుంది. రోడ్డు మీద డొక్కలెండి తిరుగుతున్న దాన్ని బడిలో టీచరైన మా పెద్దమ్మ ఇంటికి తెచ్చింది. దానికి ఇంగ్లీషు తప్ప రాదు. 'సిట్' అంటే కూర్చునేది. 'కూర్చో' అంటే, పాపం ఈ పిల్లకు చదువు అబ్బలేదన్నట్టు నా ముఖంలోకి చూసేది.

రజాకార్ల భయం ముదిరిన రోజుల్లో మేజరుకు వచ్చినంత గిరాకీ మా చుట్టాల్లో ఏ పెళ్ళికొడుకుకూ రాలేదు. అందరికంటే ముందు వచ్చినవాడు దేవదానంగారు. రైల్వే గుమాస్తా, మా చర్చి గుడిలో ఎప్పుడూ ముందు వరసే.

"జెర మాకియ్యరాదు టీచరమ్మా! సచ్చేదాక కన్నబిడ్డ లెక్క చూసుకుంట" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పెద్దమ్మ నమ్మి ఇచ్చింది.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. భయం పోయింది... దాని వెనకే కన్నబిడ్డ మీది ప్రేమా పోయింది. గేటుకు కట్టింది ఆయనేనని పాలవాడు చెబితే పెద్దమ్మ వెళ్ళి నిలదీసింది.

"ఇప్పుడు భయమేమున్నది? ఉత్తగ కూసోవెట్టి మేపుడెందుకు టీచరమ్మా?" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

ఇక్కడ పెద్దమ్మ ఇంటి ఓనరు ఇంకో ప్రసంగం చేశాడు. "నెలాఖరుకల్లా కుక్క గేటు దాటాలె. లేకుంటే కాల్చెటోళ్ళను పిలుస్త." అంతకుముందు పక్కింటివాళ్ళ కుక్కకు అన్నంత పనీ చేసినవాడు. మా వీధి మొత్తంలో మాట మీద నిలబడే మనిషి ఆయనొక్కడే... మా ఖర్మ.

ఇంతలో దేవదానంగారి పెరట్లోంచి రాగి గంగాళం దొంగతనమైంది. అయ్యగారి గుండెలో ప్రేమ మళ్ళీ పొంగింది.

"గలతీ అయింది టీచరమ్మా, మేజరును ఇయ్యుండ్రి."

"నీ మాట చూశాంలే దేవదానం. ఈసారి ప్రకటన వేయిస్తా" అంది పెద్దమ్మ.

మా గుడిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరయ్యగారు ఆ ఇద్దరి పేర్లూ సంఘం ముందు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. అదీ ప్రకటన. ఊరంతా విన్నాక ఎవరూ వెనక్కి తగ్గలేరని పెద్దమ్మ ధైర్యం.

"కుక్కకు ప్రకటనేంటమ్మా! పైన దేవుడు చూస్తున్నాడు" అన్నారు పాస్టరయ్యగారు.

"చూడాలనే కదండీ! కాదంటారా, వచ్చే ఆదివారం నుంచి గుడి పాటలకు నా బదులు హార్మోనియం మీరే వాయించుకోండి."

ఆయన వేళ్ళ సంగతి ఆయనకు తెలుసు. ఆరాధనలో కాకుండా, ఆశీర్వాదం అయ్యాక గుడి మెట్ల మీద చదవడానికి రాజీ కుదిరింది.

మొదటి ఆదివారం జనం నవ్వారు. రెండో ఆదివారం ఎవరో "ఇద్దరిట్ల వరుడెవరు?" అన్నారు. మూడో ఆదివారం మేజరు కూడా మెట్ల కింద కూర్చుని ఉంది. పాస్టరయ్యగారు గంభీరంగా చదివి, "అభ్యంతరమున్న వారు ఇప్పుడే తెలుపవలెను" అన్నారు.

"నాకున్నది."

దేవదానంగారి భార్య మార్తమ్మ. చంకలో పసిపిల్ల.

"ఏందే, నలుగుర్ల నవ్వులాటనా?" అన్నాడాయన.

"నవ్వులాట మీది. సచ్చేదాక చూస్త అన్నది మీరు, రొట్టెలు కొట్టింది నేను. అది కక్కితే ఎత్తిపోసింది నేను. పచ్చి బాలింతను... ఒక్కలన్న నన్నడిగిండ్రా? తీస్కపోయి ఇచ్చి రమ్మన్నది సుత నేనే. దొంగ లెక్క గేటుకు కట్టి రమ్మనలే." పెద్దమ్మ వైపు తిరిగింది. "టీచరమ్మా, మీరు సుత అడగలే."

పెద్దమ్మ ముఖం వాడిపోయింది. కుక్క కోసం తన వరండాలోకి వచ్చిన ప్రతి మగవాడితోనూ ఒట్టు వేయించుకుంది గానీ, ఒక్కరి వంటింట్లోకీ తొంగి చూడలేదు.

"నిజమే మార్తమ్మా. ఇప్పుడు అడుగుతున్నా... ఏం చేస్తే ఉంచుకుంటావు?"

"పొద్దుగాల లేసి ఆయన దానికి రొట్టె చెయ్యాలె, తిప్పుకరావాలె. గది సుత ప్రకటనల చదివితే నేనొప్పుకుంట."

పాస్టరయ్యగారు దేవదానంగారి వైపు చూశారు. సంఘమంతా చూసింది. మేజరు కూడా చూసింది.

"నాకు డ్యూటీ టైమైతున్నది" అని ఆయన సైకిలెక్కాడు. ఆదివారం మధ్యాహ్నం, గుమాస్తాకు డ్యూటీ! మార్తమ్మ వంగి మేజరు చెవి వెనక ఒక్కసారి గోకి, పిల్లను సర్దుకుని ఇంటికి నడిచింది.

నెలాఖరుకు మేజరు గేటు దాటింది... ట్రంకుపెట్టె పట్టుకుని పెద్దమ్మ కూడా దాటింది. తిరుమలగిరిలో ఒంటి గది. బడికి చాలా దూరం, చీకటితోనే లేచి నడిచేది. ఆ గది గుమ్మంలోనే మేజరు ముసలిదై కన్ను మూసింది. ఆ తర్వాత రోడ్డు మీద దొరికిన ఏ కుక్కను ఎవరికి ఇవ్వాలన్నా పెద్దమ్మ మగవాళ్ళ ఒట్లు వినడం మానేసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అడిగేది. "వద్దు" అన్న ఆడవాళ్ళకు దండం పెట్టి వచ్చేసేది.

ఇప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు... మా చుట్టాల లెక్కలో పెళ్ళీడుకు చరమదశ. రజాకార్లు లేరు, దొరలు లేరు. ఇక మన హైదరాబాదు స్టేటునే మూడు ముక్కలు చేసి, పక్క రాష్ట్రాలని మూడిళ్ళకు ఇస్తారట... వాళ్ళూ గుండె మీద చెయ్యి వేసుకునే ఉన్నారు.

మీ ఇళ్ళలోనూ ఒక కుక్కో పిల్లో చిలకో ఉండే ఉంటుంది. నాకు ఉత్తరం రాస్తే దాన్ని తెచ్చిందెవరో రాయకండి, తెచ్చినవాళ్ళు ఎలాగూ ఊరంతా చెప్పుకుంటారు... రోజూ దాని పళ్ళెం కడిగిన మనిషి పేరు రాయండి.