సెల్ఫ్ కొట్టిండ్రా?

వాన నీళ్లలో మునిగి మొరాయించిన కారు దగ్గరికి మెకానిక్ పర్వతాలును పిలిస్తే, బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాడు: "సెల్ఫ్ కొట్టిండ్రా?" నీళ్లు తాగిన ఇంజన్ని తాళం తిప్పి ఆడిస్తే లోపల రాడ్ వంగుతుంది. వంగిందంటే పాత బండి తుక్కు కిందికే. రెజిమెంటల్ బజార్‌లో షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లయింది, ఆ ప్రశ్నకు అతను విన్న మొదటి జవాబు ఎప్పుడూ ఒక్కటే: లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తడిసిన బండి దగ్గర ఆడే అబద్ధం మాత్రం ఎన్నడూ అతకదు.

అందుకే బండిగలవాళ్ల ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా అడగడం అలవాటు చేసుకున్నాడు. నలుగురిలో రాని నిజం ఒంటరిగా దొరికితే వస్తుందని అతని నమ్మకం.

మొన్నటి వానకు రాంగోపాల్‌పేట్ సందులో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. తెల్లారి నీళ్లు దిగాక లూకా గారు ఫోన్ చేశారు. ఆయన రైల్వే గార్డుగా రిటైరైన మనిషి, భార్య ప్రేమమణి టీచరుగా చేసింది. వాళ్లది పదహారేళ్ల చిన్న కారు. "ఈ డబ్బా పోతే ఇక స్టీరింగ్ జోలికి వెళ్లొద్దు నాన్నా" అని కాప్రాలో ఉండే కొడుకు ఇవాన్ ముందే చెప్పేశాడు. డెబ్బై ఒకటో ఏట ఎక్కడికెళ్లాలన్నా ఒకరిని అడగాల్సి వస్తుందంటే లూకా గారికి ముద్ద దిగడం లేదు.

"సెల్ఫ్ కొట్టిండ్రా సార్?"

"ముప్పై నాలుగేళ్లు గార్డుగా చేశానయ్యా. ఎర్రజెండా ఎప్పుడు చూపించాలో నాకొకరు చెప్పాలా?"

"ఎవరం ముట్టుకోలేదు పర్వతాలూ," అంది ప్రేమమణి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని.

పర్వతాలు ఎయిర్ ఫిల్టర్ విప్పి వేలితో నొక్కాడు. నీళ్లు కారాయి.

"టీచరమ్మా, జెర చాయ్ దొరుకుతదా?" అని ఆమెను లోపలికి పంపించాడు.

లూకా గారు కాసేపు ఆకాశం చూశారు. తర్వాత చెప్పులు చూసుకున్నారు.

"ఒక్కసారేనయ్యా. గట్టు మీదికి ఎక్కిద్దామని. టక్కుమని ఆగిపోయింది."

"ఒక్కసారేనా సార్?"

"రెండు."

నిజం బయటపడేసరికి పర్వతాలుకు ప్రాణం లేచొచ్చింది. తనింకా తాళం ముట్టుకోలేదు, అదే నయం. ప్లగ్గులన్నీ విప్పేసి, పానా పట్టి ఇంజన్ని చేత్తోనే మెల్లగా తిప్పాడు. ఎక్కడా పట్టకుండా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. అప్పుడు సెల్ఫ్ కొడితే, ప్లగ్గుల రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మి బానెట్ అంతా తడిసింది.

"బతికిపోయింది సార్. రాడ్ వంగలే."

ఆయిలు మార్చి, ప్లగ్గులు ఆరబెట్టి బిగించాక, మూడో దెబ్బకు బండి దగ్గుతూ లేచింది. లూకా గారు ఇంటివైపు తిరిగి గొంతెత్తారు. "చూశావా మణీ! ముట్టుకోకుండా వదిలేస్తే ఇంజన్ ఎంత భద్రంగా ఉంటుందో!" పర్వతాలు నవ్వు ఆపుకుంటూ పానాలు సర్దుకున్నాడు.

చాయ్ అందిస్తూ ప్రేమమణి గొంతు తగ్గించి అడిగింది. "ఎన్నిసార్లని చెప్పారు?"

పర్వతాలు తెల్లబోయాడు. "రెండన్నరు. మీకు ఎర్కేనా?"

"మూడు. వంటింట్లోకి వినిపించింది."

"మరి అడిగితే లేదన్నరు గద టీచరమ్మా!"

"నేను చెప్తే చాడీ అవుతుంది. ఆయన నోటితో ఆయన చెప్పుకుంటే బరువు దిగుతుంది. నువ్వు తాళం మీద చెయ్యి వేస్తే అరుద్దామని కిటికీ దగ్గరే నిలబడ్డాను."

చాయ్ చల్లారిపోయి ఉంది. పర్వతాలు అలాగే తాగేశాడు.

సందు మలుపు తిరిగాక స్కూటర్ ఆపి ఇంటికి ఫోన్ చేశాడు. రోజూ పొద్దున భార్య భవాని "బీపీ గోలీ ఏసుకున్నవా?" అని అడుగుతుంది. "ఏసుకున్న" అంటాడు. ఆమె మారు మాట్లాడకుండా టిఫిన్ పెడుతుంది. నమ్మిందనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"భవానీ, గా గోలీ... పది దినాల సంది ఏసుకుంటలేను."

అవతల స్టవ్వు కట్టేసిన చప్పుడైంది.

"ఎర్కే," అంది భవాని. "ఇంటికి రా. తిన్నంక ఏసుకుందువు."