చేన్లో పడవ, డ్రమ్ములో సముద్రం

అప్పట్లో మా వైపు నీళ్ళంటే దేవుడి తర్వాత దేవుడు. కొన్ని ఎండాకాలాల్లో నీళ్ళే ముందు, దేవుడు తర్వాత. ఆయనకు అభిషేకం కూడా అరచెంబుతోనే జరిగేది, ఆయన ఏనాడూ నొచ్చుకున్నట్టు కనబడలేదు. కూరగాయలు కడిగిన నీళ్ళతో గిన్నెలు, ఆ గిన్నెల నీళ్ళతో వాకిలి, మిగిలింది కరివేపాకు చెట్టుకు. ఒక్కో చెంబుకు మూడు నాలుగు జన్మలిచ్చాకగానీ నేలకు ఒప్పగించేవాళ్ళం కాదు. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించి, పద్యాలు వల్లె వేయించాడు. నీళ్ళ చదువు మాత్రం మా జేజి, అంటే నాయనమ్మ, దగ్గర. "నీళ్ళు పారబోసినోళ్ళు వచ్చే జన్మలో కప్పలై పుట్టి మన చెరువులోనే పడతారు" అనేది ఆమె. (మా చెరువులో నీళ్ళుండేవి కావు గనక అది ఎంత పెద్ద శిక్షో మీరే ఊహించుకోండి.) ఆ రెండు చదువుల్లో రెండోది పంతొమ్మిదో ఏట నన్ను నిలువునా ముంచింది. ఎంత బాగా ముంచిందో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించబుద్ధవుతుంది.

మా అమ్మకు అన్న, అంటే నాకు మామ, సరుకు ఓడల్లో ఇంజన్ల పని చేసి, అది మానుకుని, గుమ్మఘట్ట దగ్గర ఉన్న తన చేనుకు తిరిగొచ్చాడు. ఊరంతా ఆయనను ఓడన్న అనేది. వచ్చినవాడు బోరు వేయిస్తాడనుకున్నారు, డాబా కడతాడనుకున్నారు. ఆయన శనక్కాయ చేన్లో తెరచాప పడవ కట్టడం మొదలుపెట్టాడు. చెక్కలు తెప్పించి, వాటి మీద ఫైబరు పూయించి, మూడేళ్ళు కష్టపడి, చివరికి బండల మీద నిలబెట్టిన ముప్పై అడుగుల పడవకు ఆకుపచ్చ రంగు వేశాడు. అటుగా పోయే ఆటోలన్నీ ఆగి చూసిపోయేవి. చేను గట్టు మీద దినమంతా కూర్చునే పెద్దాయన ఒకరుండేవాడు. ఊళ్ళో వార్తలన్నీ ఆయన నోటనే పుట్టేవి గనక రేడియో తాత అనేవాళ్ళం. ఆయన రోజూ ఒకే మాట అడిగేవాడు. "ఏమప్పా ఓడన్నా, పడవ నీళ్ళకాడికి పోతాదా, నీళ్ళే పడవకాడికొస్తాయా?"

పడవే పోతుందని మామ ఆశ. లారీ మీద మంగళూరు చేర్చి, అక్కణ్ణుంచి అత్తను ఎక్కించుకుని, ఒడ్డు వెంబడి గోకర్ణం దాకా పోయి స్వామి దర్శనం చేసుకోవాలని. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నీళ్ళ మీద, ఆమె ఎండలో. ఒకసారైనా ఇద్దరూ ఒకే చోట ఉండి, ఆ చోటు కూడా కదులుతూ ఉండాలని ఆయన కోరిక. అత్త సముద్రానికి భయపడలేదు, తుఫానుకూ భయపడలేదు. ఆమె భయమంతా మరుగుదొడ్డి గురించే. "రైలెక్కితే దిగేదాకా గుక్కెడు నీళ్ళు తాగను నేను. ఆ లెట్రీను తలుచుకుంటేనే దప్పిక చచ్చిపోతాది. నీ పడవలో అదెట్లుంటాదో యాడ తెలుసు నాకు? పది దినాలు ఈ చేన్లోనే, ఈ పడవలోనే కాపురం చేస్తా. నిచ్చెన దిగకుండా పది దినాలు గడిస్తే నీ సముద్రానికొస్తా. నడాన లెట్రీను నిలిచిపోయి నేను దిగినానంటే మాత్రం, సముద్రం మాట మల్లా ఎత్తగూడదు" అని తేల్చేసింది. నవ్వుకోకండి. ఆడవాళ్ళు ఎంతమంది ఇలా దప్పిక చంపుకుని ప్రయాణాలు చేశారో ఆడవాళ్ళకే తెలుసు. మామ నవ్వలేదు. "పదే కదా" అన్నాడు. అత్తకు మోకాలు నొప్పి గనక తోడుగా నన్ను పిలిపించారు.

మొదటి రోజు మామ తన నోటుపుస్తకం తెరిచి మాకిద్దరికీ పాఠం చెప్పాడు. ఆ మరుగుదొడ్డి బీరువాలో పెట్టినట్టు ఒక చిన్న గదిలో ఉండేది. పక్కన ఇనుప పిడి ఉన్న పంపు. పిడి పైకీ కిందికీ కొడితే ఒకవైపు నుంచి నీళ్ళు లోపలికొస్తాయి, ఇంకోవైపు నుంచి అంతా మంచం కింది తొట్టిలోకి పోతుంది. తొట్టి నిండితే గొట్టంతో పెంటగుంతలోకి వదలాలి. "పైపు సన్నం, వంపులు జాస్తి. కడుపులోంచి వచ్చింది తప్ప ఇంకేదీ దాంట్లోకి పోగూడదు. కాగితం గాదు, దూది గాదు, వెంట్రుక గాదు. వారానికోసారి నిమ్మకాయ నీళ్ళు పోయాల, పాచి కట్టకుండా. పంపు బిగుసుకుంటే రెండు చుక్కలు నూనె" అన్నాడు. "ఏం నూనె?" అంది అత్త. "వంటనూనె ఏదైనా." "అయితే శనక్కాయ నూనె మనదే ఉండాది" అంది అత్త. ఆ పడవలో ఆమెకు నచ్చిన మొదటి సంగతి అదే. తిండి చెత్తకు ఒక డబ్బా, ప్లాస్టిక్ కవర్లకు ఒక డబ్బా. కవర్లు కడిగి, మడిచి, ఒడ్డు చేరేదాకా దాచాలి, బయట ఏదీ పారేయకూడదు. అత్త బీరకాయ తొక్కలు కింద మేకకు విసిరితే మామ ఒప్పుకోలేదు. "సముద్రంలో మేక ఉండదు" అన్నాడు. మేక తలెత్తి ఆయన వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

అన్నింటికన్నా ముఖ్యమైన నియమం పంపుది. ఎవరు పోయినా తర్వాత ఇరవైయొక్క సార్లు కొట్టాలి. లేకపోతే అది పైపులో సగం దారిలో నిలిచి, ఎండకు గట్టిపడి, దారి మూసేస్తుంది. నేను ఏది లెక్కపెట్టినా రామనామంతోనే లెక్కపెట్టేదాన్ని. ఇక్కడా మొదలుపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. అలాంటి చోట ఆయన పేరెలా తలుస్తాం? నా ఇబ్బంది చూసి మామే ఉపాయం చెప్పాడు. "వారాలు లెక్కబెట్టు పాపా. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు. అట్లా మూడు వారాలు కొట్టు."

చేన్లో సముద్రం లేదు గనక పడవ పైన ఒక నీలం డ్రమ్ము పెట్టి, దాని మీద తెల్లరంగుతో "సముద్రం" అని రాశాడు. పంపు దాంట్లోంచే నీళ్ళు లాక్కునేది. నాలుగు రోజులకోసారి ఊరికి ట్యాంకరు వస్తే ఆ డ్రమ్మూ నింపేవాళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు. పడవ కిటికీలోంచి చూస్తే ట్యాంకరు ముందు బిందెలు వరుసగా ఉండేవి. ఒక ముసలావిడ కారిన నీళ్ళను గుడ్డతో అద్ది బిందెలో పిండుకోవడం నా కళ్ళారా చూశాను. అది చూసినదాన్ని వెళ్ళి మూడు వారాల నీళ్ళు దొడ్డిలోకి ఎలా కొడతాను? చేయి ఆడలేదు. మొదటి శనివారం రాగానే ఆపేశాను. మామకు లెక్క అప్పచెప్పేటప్పుడు మాత్రం "మూడు వారాలూ అయింది మామా" అన్నాను. అబద్ధమే. సాయంత్రం దీపం ముందు దేవుడికి విన్నవించుకున్నాను. "నీళ్ళ కోసమే స్వామీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను. (మౌనం అంగీకారం కాదని తర్వాత తెలిసింది.)

రోజులు బాగానే గడిచాయి. మా వైపు కరువు నీళ్ళకే గానీ గాలికి కాదు గదా, మామ ఒక సాయంత్రం తెరచాప ఎత్తితే అది పటపటలాడి పడవ బండల మీద కిర్రుమంది. అత్త తెరచాప కొయ్యను కౌగిలించుకుని, "ఆపప్పా, చేను దాటిపోతాదేమో" అంది. ఆమె ముఖంలో నవ్వు లాంటిదేదో చూశాను. డ్రమ్ము మాత్రం మామను కలవరపెట్టేది. "ట్యాంకరొచ్చేలోపు అయిపోవాల ఈ సముద్రం. నాలుగు దినాలైనా సగం ఉండాది" అని నోటుపుస్తకంలో రాసుకుని, తల గోక్కుని ఊరుకునేవాడు. "మంచి సముద్రం. ఇంకదు" అనేది అత్త. నేను తల వంచుకుని బియ్యంలో రాళ్ళేరేదాన్ని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అత్త రెండు గ్లాసులు రాగి అంబలి, దాని మీద పెద్ద చెంబుడు మజ్జిగ తాగింది. కాసేపటికి పంపు గదిలోకి పోయి, వెంటనే బయటికొచ్చింది. "పిడి దిగడంలే" అంది. మామ పోయి కొట్టాడు, దిగలేదు. నూనె వేశాడు, దిగలేదు. నిమ్మకాయ నీళ్ళు పోస్తే అవి పోసినచోటే నిలబడి మా వంక చూశాయి. అత్త పైకెక్కి, నిచ్చెన పక్కన కూర్చుంది. మామ ముఖం నేను చూడలేకపోయాను. మూడేళ్ళ పని, ఒక జీవితకాలపు ఆశ, రెండంగుళాల పైపులో ఇరుక్కుని ఉంది. ఇరికించింది నేను.

గట్టు మీదున్న రేడియో తాతకు సంగతి అందింది. "ఏమప్పా ఓడన్నా, గాలి పడిపోయిందా, నిలిచిపోయినావే?" అని అరిచి, తర్వాత అత్తతో గొంతు తగ్గించి, "దిగి రా తల్లీ. కంచె పక్కన మరుగుండాది. చెంబు నేనిస్తా. ఎవురికీ చెప్పను" అన్నాడు. (ఆయన ఎవరికీ చెప్పకపోవడం అంటూ ఉంటే అది అదే మొదటిసారి అయ్యేది.) అత్త నిచ్చెనను గట్టిగా పట్టుకుంది. "దిగితే తొమ్మిది దినాలు మన్నైపోతాయి. నువ్వు ఆ చెంబు పక్కన పెట్టు తాతా. నేను ఈడనే కూచుంటా" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. అంతవరకూ అత్త ఎప్పుడు దిగుదామా అని కాచుకుని ఉందనుకున్నాను. ఆమె పోవాలనుకుంటోంది. ఆ సముద్రం ఆమెకూ కావాలి. పంపు వెనకాల చేయి దూర్చలేక మామ అవస్థ పడుతుంటే దగ్గరకు పోయి, "మామా, నేను మూడు వారాలు కొట్టలేదు. ఒక్క వారమే కొట్టినా, ప్రతిసారీ. ట్యాంకరు కాడ ఆ బిందెలు చూసి చేయి రాలేదు. నన్ను ఇంటికి పంపు గానీ, అత్తను సముద్రానికి పంపు" అన్నాను. ఏడవకూడదనుకుని ఏడ్చాను.

మామ పానా కింద పెట్టాడు. పైనుంచి అత్త గొంతు వినబడింది. "నువ్వు ఏడు కొట్టినావా పాపా? నేను నాలుగే కొట్టినా." గాలికి తాళ్ళు కొయ్యకు తగిలే చప్పుడు ఒక్కటే. "నువ్వెన్ని కొట్టినావప్పా?" అంది అత్త. నోటుపుస్తకం రాసిన మనిషి, సగం ప్రపంచం తిరిగిన మనిషి, పంపు వైపు చూస్తూ అన్నాడు. "ఐదు."

అత్త నవ్వింది. ఆమె అలా నవ్వగలదని నాకు తెలియదు. "నవ్వించొద్దండప్పా, నాకు కష్టంగా ఉండాది" అంటూ ఇంకా నవ్వింది. "నా చేయి పట్టదు పాపా, నీ చేయి పడతాది" అన్నాడు మామ. ఆయన పైపు బిగింపు వదులు చేస్తే నేను పంపు వెనక చేయి దూర్చాను. ఏం చేశానో వివరించను, భోజనం ముందు చదివేవాళ్ళు ఉంటారు. రబ్బరు మూత దగ్గర వంపులో తొమ్మిది రోజుల మా ముగ్గురి పొదుపు గట్టిపడి కూర్చుని ఉంది. దాన్ని తీసి బకెట్లో వేశాక, మామ పైపు బిగించి పిడి కొడితే నీళ్ళు గుడగుడమని పోయాయి. ఆ చప్పుడు వింటే గుడి గంట విన్నంత హాయిగా అనిపించింది. దేవుడు మన్నించుగాక.

అత్త లోపలికి పోయింది. తర్వాత పిడి చప్పుడు మొదలైంది. గట్టు మీద రేడియో తాత గట్టిగా లెక్కపెట్టసాగాడు. ఏడోది రాగానే చప్పుడు ఆగింది. "శనివారమే అయింది తల్లీ, ఇంకా రెండు వారాలు ఉండాయి" అన్నాడు. లోపలి నుంచి అత్త, "నువ్వు చెవులు మూసుకో తాతా" అంది. మూడు వారాలూ కొట్టింది. పదో రోజు సాయంత్రం నిచ్చెన దిగి, మామను ఒకే మాట అడిగింది. "ఆడ నీళ్ళు ఎంత కొట్టినా ఎవురి బిందె నుంచీ పోవు కదా?" పోవని మామ అన్నాడు. "అయితే పోదాం."

పోయాం. నన్నూ తీసుకుపోయారు. ఆ పని నాకంటే బాగా ఎవరికీ తెలియదని మామ అన్నాడు. అంత పెద్ద నీళ్ళు మొదటిసారి చూసి దణ్ణం పెట్టడం కూడా మరిచిపోయాను. అత్త కోరినప్పుడల్లా నీళ్ళు తాగింది. గోకర్ణం దాకా ఆ పంపు ఒక్కసారి కూడా నిలవలేదు. దర్శనం రోజు పొద్దున్నే పంపు గది తుడుస్తుంటే, మూల గుడ్డ కప్పిన బకెట్ ఒకటి కనబడింది. నిండా సముద్రపు నీళ్ళు. "ఇదెందుకత్తా, చుట్టూ నీళ్ళే కదా?" అన్నాను. అత్త కాస్త సిగ్గుపడింది. "ఉండనీలే పాపా. అవసరానికి" అంది.

ఇప్పుడు మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఇచ్చినవాడికి మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను. మా ఇంటి మరుగుదొడ్డికి పంపు లేదు, పిడి లేదు, లెక్క అవసరమే లేదు. అయినా చెంబుతో నీళ్ళు పోసేటప్పుడు ఆదివారం, సోమవారం అని నోట్లో దొర్లుతూనే ఉంటాయి. శనివారం దగ్గర చేయి దానంతట అదే ఆగుతుంది. పంతొమ్మిదేళ్ళ ఆ అబద్ధాలకోరు పిల్ల గుర్తొస్తుంది, అత్త నవ్వు గుర్తొస్తుంది. అప్పుడు నాలో నేనే నవ్వుకుని, ఇంకో చెంబు పోస్తాను. తలుపు పక్కన ఒక బకెట్ మాత్రం ఎప్పుడూ నింపే ఉంచుతాను. అవసరానికి.