అయిదు అటు పోతే మైనస్ ఎందుకు?

నేను చదివింది తెలుగు సాహిత్యం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పర్చూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. చేరిన రోజే కరస్పాండెంటు గారు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరూ ఏడాది మధ్యలో మానేయకుండా ఉండాలని అందరి దగ్గరా అలాగే తీసుకునేవారు.

అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక లెక్కల మాస్టారు జబ్బుపడి సొంతూరు వెళ్లిపోయారు. కొత్తాయన దొరికేదాకా ఎనిమిదో తరగతి లెక్కలు నన్ను చూడమన్నారు. నాకు లెక్కలు రావని, టెన్తులో బొటాబొటి మార్కులతో గట్టెక్కానని చెప్పాను.

"గైడుందిగా అమ్మా. చూసి బోర్డు మీద వేయడమేగా" అన్నారాయన.

నేను బీరువా వైపు చూసి, గైడు తీసుకుని బయటికి వచ్చాను.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం గైడులో నాలుగు లెక్కలు తీసుకుని, ఒక్కో మెట్టూ పద్యంలాగా బట్టీపట్టేదాన్ని. మధ్యలో ఒక వరుస మరిచిపోతే ముందుకూ పోలేను, వెనక్కీ రాలేను. పిల్లలకు వీపు పెట్టి, చెరపాల్సిందేమీ లేకపోయినా బోర్డు చెరుపుతూ నిలబడేదాన్ని. తలుపు తెరిచే ఉండేది. అయినా ఊపిరాడేది కాదు.

ఒకరోజు 3x + 5 = 20 అని రాసి, కింద 3x = 20 – 5 అని రాశాను. మొదటి బెంచీలో కూర్చునే టైలరుగారి అమ్మాయి లేచింది.

"టీచర్, అయిదు అటువైపు పోతే మైనస్ ఎందుకవుద్ది?"

"అది రూలు. రాసుకో" అన్నాను, కాస్త గట్టిగానే. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంది. మిగతా పీరియడంతా నేను ఆ బెంచీ వైపు చూడలేకపోయాను.

ఇంటికెళ్లి గైడు పక్కన పెట్టి, ప్రభుత్వ పాఠ్యపుస్తకం తీశాను. గైడువాడు వదిలేసిన వరుస అందులో ఉంది. 3x + 5 – 5 = 20 – 5. అయిదు ఎటూ పోలేదు. రెండువైపులా అయిదు తీసేశారు, అంతే. నాకు నేనే అంకెలు మార్చుకుని పది లెక్కలు చేశాను. పదీ వచ్చాయి. సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

మర్నాడు క్లాసులో ఉన్నమాట చెప్పాను. నిన్న నాకు తెలియకే రూలన్నానని, ఇప్పుడు తెలిసిందని. ఎవరూ నవ్వలేదు. మరి మూడు సంగతేమిటని ఆ అమ్మాయే అడిగింది. చూద్దామని, రెండువైపులా మూడుతో భాగించాం. x విలువ అయిదు అని వచ్చింది.

ఈ సంగతి ఎవరో ఆఫీసులో చెప్పారు. పిలుపొచ్చింది. తీసేస్తారేమోనని భయపడ్డాను. తీసేస్తే సర్టిఫికెట్లు చేతికొస్తాయన్న ఆశ కూడా లేకపోలేదు.

"మీ క్లాసు పిల్లలకి బాగా అర్థమవుతుందంటమ్మా" అన్నారు కరస్పాండెంటు గారు. "ఇంక మాస్టారి కోసం వెతకడం మానేశాను. వచ్చే ఏడు తొమ్మిదో తరగతి కూడా మీరే చూడండి."

సర్టిఫికెట్ల మాట ఎత్తాను. భద్రంగానే ఉన్నాయన్నారు.

అక్కడ ఇంకో మూడేళ్లు లెక్కలే చెప్పాను. నా తెలుగు క్లాసులు కొత్తగా చేరిన ఒకమ్మాయికి ఇచ్చారు.